లాడ్జికి ఎడమవైపు

మెడికల్ కాలేజీ, స్టాఫ్ గది
ఎండలు ముదిరిన వారం

ఒరేయ్ తాళాలోడా,

హెడ్‌సెట్ తీసేశాక ఇంకో వెలిగే అద్దాన్ని చూడలేను, ఏమైనా చెప్పాలంటే కాగితం మీద రాయి అన్నావు. సరే, రాస్తున్నాను. నా చేతిరాత చదవలేక నువ్వు చస్తే నా పూచీ లేదు.

ముందే చెబుతున్నా, బాగా అలసిపోయాను. ఏళ్ళ తరబడి అదే మెదడు, అదే రాతి బల్ల, అదే ఫార్మలిన్ వాసన. చేతులు ఎంత కడుక్కున్నా, ముద్ద నోటి దాకా వచ్చేసరికి ఆ వాసన ముందొచ్చి కూర్చుంటుంది. పోయిన ఏడాది నా క్లాసులో సగం మంది మెదడు పేపర్లోనే తప్పారు. గుండె గుర్తుంటుంది, కాలేయం గుర్తుంటుంది, మెదడు మాత్రం గుర్తుండదట. మా హెడ్డు పిలిచి చాలా మర్యాదగా, "ఈసారి కూడా ఇలాగే అయితే ఈ పాఠం ఇంకెవరికైనా ఇద్దాం మేడమ్, మీరు కాస్త విశ్రాంతి తీసుకోండి" అన్నాడు. ఆయన విశ్రాంతి అంటే ఏమిటో నాకు తెలుసు. పరీక్షల విభాగంలో కూర్చోబెట్టి కవర్లకు సీళ్ళు వేయిస్తారు. చేతకాక దిగిపోయింది అనిపించుకుని ఈ పాఠం వదలడం నావల్ల కాదురా.

ఆ రోజు విసుగొచ్చి, పుస్తకం మూసేసి, క్లాసులో మన లాడ్జి కథ చెప్పాను. నాన్న మేనేజరుగా చేసిన లాడ్జి, మనం పెరిగిన లాడ్జి. వీధి తలుపు తీస్తే పొడుగాటి నడవా, చివర పెరటి తలుపు. వీధిలోంచి వస్తే ఎడమవైపు నాన్న ఆఫీసు, అమ్మ కుట్టుమిషను గది. కుడివైపు భోజనాల హాలు, బాయిలర్ గది, గుమాస్తా గది, లెక్కల మాస్టారి గది. నాన్న ఆఫీసు థాలమస్ అన్నాను. లోపలికొచ్చే ఏ కబురైనా అక్కడ ఆగాల్సిందే, ఏ గదికి పోవాలో ఆయనే తాళం తీసి పంపిస్తాడు. ఒక్క వాసన మాత్రం ఆయన్ని అడక్కుండా పెరటి దారిన వచ్చేస్తుంది. అరచేతి మీద పళ్ళేలు దొంతరగా పెట్టుకుని తూలకుండా నడిచే సర్వర్ చిన్నమెదడు. బాయిలర్ గదివాడు హైపోథాలమస్, వేడీ ఆకలీ నిద్రా అంతా వాడి చేతిలోనే. వచ్చినవాళ్ళను రిజిస్టర్లో ఎక్కించే గుమాస్తా హిప్పోక్యాంపస్. తలుపు చప్పుడైతే చాలు దొంగలో అని లేచే మాస్టారు అమిగ్డలా. మర్నాడు అడిగితే ఒక్కరూ తడుముకోలేదు.

గుర్తుండాల్సిన వాటిని తెలిసిన ఇంట్లో గదికొకటి పెట్టుకుని, మనసులో ఆ ఇల్లంతా తిరుగుతూ ఏరుకోవడం పాతకాలపు విద్యే. కానీ ఈ పిల్లలు మన లాడ్జి చూడలేదుగా. అది కూల్చి కూడా చాలా ఏళ్ళయింది. ఇప్పుడది ఉన్నది నీ తలలో, నా తలలో. కళ్ళకు తగిలించుకుంటే లోపల తిరిగినట్టుండే ఇళ్ళు నువ్వు హెడ్‌సెట్లలో కడుతుంటావు కదా, ఇదీ అలా కట్టివ్వు. కాలేజీవాళ్ళు కొన్న హెడ్‌సెట్లు ఎలాగూ బీరువాలో దుమ్ము తింటున్నాయి.

అమ్మ గది పెరైటల్ లోబ్‌కు ఇచ్చాను. మన చుట్టూ ఏ పక్క ఏముందో కనిపెట్టుకుని ఉండే భాగం అది. మిషను తొక్కుతూ, తలెత్తకుండానే, నడవాలో ఎవరు అటు పోయారో ఎవరు ఇటు వచ్చారో చెప్పేది కదా అమ్మ. ఆ గది కట్టడం నీకు కష్టమని తెలుసు. డాక్టరు చదువు వదిలేసి బొమ్మలు గీసుకుంటానన్నప్పుడు ఆవిడ అన్న మాటలూ, ఆ తర్వాత మీరిద్దరూ మాట్లాడుకోకుండానే ఆవిడ పోవడమూ నేనేం మర్చిపోలేదు. అయినా కట్టరా.

అక్క


మేడ మీద పనిగది
అదే ఎండ

అక్కా,

కడతాను. పొద్దున హెడ్‌సెట్ పెట్టుకుంటే సాయంత్రానికి నుదుటి మీద గాడి పడుతోంది. ఇంకా పునాదులు తవ్వని ఫ్లాట్లు, ఎవరూ వండని వంటగదులు కట్టీ కట్టీ విసుగెత్తిపోయింది. అమ్ముడుపోవాల్సిన ఇళ్ళే తప్ప, మనుషులు బతికిన ఇల్లు కట్టమని ఇన్నేళ్ళలో ఎవరూ అడగలేదు.

నడవాలో గచ్చు మీద గళ్ళు నలుపూ తెలుపూ కావు, ఎరుపూ తెలుపూ. బాయిలర్ గది తలుపు ఆకుపచ్చ. నువ్వు నీలం అంటావని తెలుసు, అనుకో. ఆ తలుపుకు రంగు వేసినప్పుడు నా చొక్కాకంటింది, అమ్మ చేతిలో దెబ్బలు తిన్నవాణ్ణి నేను.

ముందు ఆఫీసు, భోజనాల హాలు పంపిస్తాను, తర్వాత మిగతావి. అమ్మ గది సంగతి ఎత్తావు. దాని గురించి రాయను, కట్టి చూపిస్తాను.

ఒళ్ళు బాగానే ఉంది, తలనొప్పి ఒక్కటే. కళ్ళజోడు నంబరు మారినట్టుంది. వెళ్ళాలి. బద్ధకం.

నీ తాళాలోడు


స్టాఫ్ గది
వానలు పట్టిన వారం

ఒరేయ్,

నువ్వు పంపినవి వచ్చాయి. నేనే ముందు పెట్టుకున్నాను. ఎరుపూ తెలుపూ గళ్ళే, ఒప్పుకున్నాను. నాన్న బల్ల మీద గాజు పలక కింద చెమ్మకు అతుక్కుపోయిన కాగితాలు కూడా పెట్టావేంట్రా! హెడ్‌సెట్ తీశాక కాసేపు క్లాసుకు పోలేకపోయాను. పిల్లలు మాత్రం ఒకటే గోల. సర్వర్‌కు దారివ్వబోయి ఒకడు నిజం బల్లకు మోకాలు కొట్టుకున్నాడు. చిన్నమెదడు పనేమిటని వాణ్ణిక జన్మలో అడగక్కర్లేదు.

ఒక్క సంగతి. నాన్న వెనక తాళాల బోర్డు కుడి సగమే నిండి ఉంది. ఎడమ సగంలో ఉత్త మేకులు. థాలమస్‌లో ఏ తాళం ఏ గదిదో చెప్పించాలని కదా నా ఆశ. లాడ్జిలో తాళాల గుత్తి నడుముకు కట్టుకుని తిరిగి ఆ పేరు తెచ్చుకున్నవాడివి, సగం తాళాలు ఎక్కడ పారేశావు? ఎడమవైపు కూడా తగిలించి పంపు.

మొన్న చిన్న పరీక్ష పెడితే ఇద్దరే తప్పారు. హెడ్డు ఏమీ అనలేదు. ఆయన ఏమీ అనకపోవడమే మెచ్చుకోలు. మోకాళ్ళ నొప్పులు మాత్రం నా కథలేమీ వినడం లేదు.

అక్క


పనిగది
వాన పడుతూనే ఉంది

అక్కా,

బోర్డు తీసి మళ్ళీ చూశాను. తాళాలన్నీ ఉన్నాయి. ఒక్కొక్కటీ నా చేత్తో తగిలించాను. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, నీ పిల్లలకు చదవడం రాక నా బోర్డుకు వంక పెడుతున్నావు. ఆ హెడ్‌సెట్లు దుమ్ము పట్టి ఉన్నాయన్నావుగా, వాటిని తుడిపించు.

ఇక్కడ నీ మరదలితో రోజూ రభస. పళ్ళెంలో సగం వదిలేస్తున్నానట. "నా వంట నచ్చకపోతే నోటితో చెప్పండి, ఇలా గీత గీసినట్టు సగం వదిలి లేవడమేంటి?" అంటుంది. నేను పెట్టింది పెట్టినట్టు తింటున్నాను. ఈ ఇంటి గుమ్మాలు కూడా ఇరుకైపోయాయి, వెళ్ళినప్పుడల్లా భుజం కొట్టుకుంటోంది. నీ ఉత్తరాలొకటి. వాక్యాలు మధ్యలోంచి మొదలవుతున్నాయేంటి? టీచర్లందరూ అంతేనా, లేక వయసు మీద పడిందా?

కోపగించుకోకు. మిగతా గదులన్నీ అయిపోయాయి, ఈ వారమే పంపుతున్నాను. అమ్మ గది కూడా.

తాళాలోడు


స్టాఫ్ గది
వానలు వెనకబట్టాయి

తమ్ముడూ,

నీ గదులు పిల్లల కంటే ముందు చూడాలని మధ్యాహ్నం భోజనం మానుకుని పెట్టుకున్నాను. బాయిలర్ గది బాగుంది. గుమాస్తా చెవి వెనక పెన్సిలు బాగుంది. మాస్టారి చేతిలో ఆ టార్చిలైటు చూసి ఒక్కదాన్నే నవ్వుకున్నాను. నవ్వుకుంటూనే అమ్మ గదికి తిరిగాను.

గోడ ఉంది. ఆఫీసు దాటాక పెరటి తలుపు దాకా ఉత్త తెల్లగోడ. తలుపు లేదు, మిషను లేదు, అమ్మ లేదు.

క్లాసులో మా కళ్ళజోడు పిల్ల, "మేడమ్, ఈ లాడ్జిలో ఎడమవైపు ఎవరూ అద్దెకు దిగరా?" అంది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాల్సి వచ్చింది.

కట్టడం ఇష్టం లేకపోతే లేదని చెప్పు. కట్టానని రాసి, గోడ పంపడం ఏమిటి? పోయినావిడ మీద పంతమా? ఆవిడ కఠినంగా మాట్లాడింది, కాదనను. కానీ చివరి రోజుల్లో కూడా మేడమెట్ల మీద చప్పుడైతే "వాడేనా?" అనేది. నీకు చెబితే బాధపడతావని ఇన్నాళ్ళూ చెప్పలేదు. ఇప్పుడు బాధపడు.

పరీక్షల్లోపు ఆ గది రాకపోతే ఆ పాఠం బోర్డు మీదే చెప్పుకుంటాను. నాకు అలవాటే.

అక్క


పనిగది

అక్కా,

పంతమా? ఆ గది అన్నిటికంటే ముందు కట్టాను. మిగతావన్నీ కలిపి ఎంతసేపు కట్టానో ఆ ఒక్క గదే అంతసేపు కట్టాను. ఇప్పుడే మళ్ళీ పెట్టుకుని వీధి తలుపు నుంచి పెరటి తలుపు దాకా నడిచొచ్చాను. ఏ లోటూ లేదు, లాడ్జి లాడ్జంతా ఉంది. నీకు కనపడకపోతే నేనేం చేయను?

అమ్మ "వాడేనా" అనేదని ఇన్నాళ్ళకు, అదీ నన్ను పొడవడానికి చెప్పావు. చాలా సంతోషం.

నాకు ఓపిక లేదక్కా. నిజంగా లేదు. ఇంకెవరితోనైనా కట్టించుకో.

తమ్ముడు


ఇల్లు, వంటగది బల్ల
చలి మొదలైంది

నా తండ్రీ,

పొడవడానికే చెప్పాను. తప్పే. క్షమించు.

నీ ఉత్తరం చాలాసార్లు చదివాను. గది సంగతి ఇక ఎత్తను. నాకు ఒక్క పని చేసిపెట్టు, చిన్నది. ఇది మా జ్ఞాపకం విద్యలో పిల్లలతో చేయించే అభ్యాసం. హెడ్‌సెట్ జోలికి పోవద్దు. కళ్ళు మూసుకుని లాడ్జి వీధి తలుపు దగ్గర నిలబడు. లోపలికి చూస్తూ, నడవా వెంట కనిపించే గదులన్నీ వరసగా రాయి. తర్వాత పెరటి తలుపు దగ్గర నిలబడి, వీధి వైపు చూస్తూ అదే పని మళ్ళీ చెయ్యి. మొదట రాసింది చూసుకోవద్దు.

ఎందుకని అడక్కు. అక్క అడిగిందని చెయ్యి.

అక్క


పనిగది

అక్కా,

నువ్వు 'నా తండ్రీ' అన్నావంటే ఏదో మతలబు ఉంది. సరే, రాస్తున్నాను.

వీధి తలుపు. గుమ్మం ముందు అరిగిపోయిన గోనెపట్టా. లోపలికి రాగానే భోజనాల హాలు, బల్లల మీద బోర్లించిన గ్లాసులు, సర్వర్ ఈల. తర్వాత బాయిలర్ గది, తలుపు ఆకుపచ్చ. తర్వాత గుమాస్తా, తుమ్మితే రిజిస్టర్ కాగితాలు లేచేవి. తర్వాత మాస్టారు, తలుపుకు మూడు గొళ్ళాలు. చివర పెరటి తలుపు. అంతే. చిన్న లాడ్జే కదా, తలుచుకుంటే ఇంకా చిన్నదిగా ఉంది.

ఇప్పుడు పెరటి తలుపు. కాళ్ళు కడుక్కుని వీధివైపు తిరిగాను. మొదట అమ్మ గది. తలుపు ఎప్పుడూ ఓరగా తెరిచే ఉంటుంది. మిషను మీద కళ్ళజోడు తాడు ఊగుతూ ఉంటుంది. సూదులు గుచ్చిన చిన్న దిండు, నేల మీద గుడ్డ పేలికలు, వాటిలో నా కోసం దాచిన సీసా మూతలు. నేను పిల్లిలా అడుగులేసినా తలెత్తేది కాదు, "తాళాలు మేకుకు తగిలించి అన్నానికి రా" అనేది. అక్కా, ఈ గది రాస్తుంటే చెయ్యి ఆగడం లేదు. ఆవిడ మీద నా కోపం ఆవిడ ఉండగానే పోయింది. వెళ్దాం, చెబుదాం అనుకుంటూనే ఉన్నాను. ఇంతలో నీ ఫోను వచ్చింది. పంతం అన్నావే, అందుకు మండింది నాకు. తర్వాత నాన్న ఆఫీసు, బోర్డు, తాళాల గలగల. తర్వాత వీధి. అంతే.

ఇంతకీ నేను పాసా, ఫెయిలా?

తాళాలోడు


ఇల్లు
నీ ఉత్తరం అందిన రోజునే

తమ్ముడూ, మరదలూ,

ఈ ఉత్తరం ఈ రాత్రి బండికి మీ ఊరొచ్చే మా విద్యార్థి చేత పంపుతున్నాను, కవరు మీద మరదలి పేరే రాశాను. అమ్మాయ్, నువ్వు వాడి పక్కన కూర్చుని గట్టిగా చదివి వినిపించు. వాడి చేతికి ఇవ్వకు.

ఒరేయ్, ఫెయిలయ్యావు. ఇంత బాగా ఫెయిలైన పిల్లాణ్ణి నేను చూడలేదు.

వీధి తలుపు నుంచి నడిచినప్పుడు నాన్న లేడు, అమ్మ లేదు. నువ్వే కట్టిన ఆఫీసు కూడా లేదు. పెరటి తలుపు నుంచి నడిచినప్పుడు వాళ్ళిద్దరూ వచ్చారు, భోజనాల హాలు పోయింది, గుమాస్తా పోయాడు, మాస్టారు పోయాడు, రంగు కోసం నువ్వు నాతో అంత వాదించిన ఆకుపచ్చ తలుపు పోయింది. రెండుసార్లూ నీ ఎడమచేతి వైపున్నవే పోయాయి. నువ్వేమీ మర్చిపోలేదు, అన్నీ నీ తలలో ఉన్నాయి. నీ కళ్ళూ బాగానే ఉన్నాయి. ఎడమ అనే పక్క ఒకటుందన్న ధ్యాసే నీకు పోతోంది. కట్టిన అమ్మ గదిని కూడా నడవాకు ఎడమవైపు తగిలించే వేళకు ఆ పక్కే లేకపోయి, ఉత్త గోడ పంపావు. ఎడమ పక్కను కనిపెట్టుకుని ఉండేది మెదడులో కుడివైపు పెరైటల్ లోబ్, దాని మీద ఏదైనా ఒత్తుతుంటే ఇలా అవుతుంది. లోటు ఉందని కనిపెట్టాల్సిన భాగమూ అదే కాబట్టి, మనిషి ఏ లోటూ లేదని ఒట్టేసి చెబుతాడు. నువ్వు చెప్పినట్టే.

పళ్ళెం సంగతి రాసినప్పుడే నాకు తట్టాలి. ఏళ్ళ తరబడి పిల్లలకు ఇదే చెబుతూ, నా తమ్ముడు రాస్తే వంట గొడవ అనుకుని నవ్వుకున్నాను. దీపం కింద చీకటంటే ఇదే. నిన్న మరదలికి ఫోన్ చేసి, సగం తిన్నాక మాట్లాడకుండా పళ్ళెం తిప్పి పెట్టమన్నాను. తిప్పిందట. మిగిలిన సగం ఇప్పుడే వడ్డించినట్టు తిన్నావట. ఆ మాట చెప్పి ఫోన్లోనే ఏడ్చింది. అమ్మాయ్, నీ వంటకేం తక్కువ లేదు, ఆ బెంగ వదిలెయ్.

మా న్యూరో సర్జన్‌తో మాట్లాడాను. స్కానింగ్ ఎల్లుండి. నేను రేపటి బండికి వస్తున్నాను. నెమ్మదిగా పెరిగింది కాబట్టి చాలావరకు తీసేయగలిగే గడ్డే అయి ఉంటుందంటున్నాడు. అయి ఉంటుంది అనే మాట నాకు నచ్చదు. అయినా ప్రస్తుతానికి మన దగ్గరున్నది అదొక్కటే. భయపడే పని నాకొదిలెయ్. పెద్దదాన్ని కదా.

గోడ చూసి నీకు పంతమనుకున్నాను. అమ్మ గదిలో సీసా మూతల దగ్గరకు వచ్చేసరికి ఇక చదవలేకపోయాను. నీకు కోపం లేదని తెలిసినందుకు సంతోషించాలో, అది తెలిసిన తీరుకు ఏడవాలో తెలియక, రెండూ చేశాను.

అక్క


స్టాఫ్ గది
మళ్ళీ ఎండలు

ఒరేయ్ గుండూ,

జుట్టు వస్తోందా? నేను వచ్చేసేనాటికి నీ తల కుట్లు వేసిన బంతిలా ఉంది. కుట్లు చక్కగా ఉన్నాయి, అమ్మ చూస్తే వంక పెట్టేది కాదు.

నీ దగ్గర అనుమతి తీసుకున్నాను కదా, పరీక్షల ముందు క్లాసును ఆ తెల్లగోడ ముందు నిలబెట్టి, ఇక్కడ గది ఎందుకు లేదో చెప్పాను. గడ్డ గురించీ, పళ్ళెం గురించీ, రెండు నడకల గురించీ చెప్పాను. ఒక్కరూ నవ్వలేదు. కళ్ళజోడు పిల్ల తర్వాత స్టాఫ్ గదికి వచ్చి, అద్దె మాట అన్నందుకు నిలబడి ఏడ్చింది. నువ్వు అనకపోతే నా తమ్ముడు ఇంకా గోడలే కడుతుండేవాడు అని కూర్చోబెట్టి టీ తాగించాను.

పేపర్లో పెరైటల్ లోబ్ ప్రశ్న వచ్చింది. ఒక్కరూ తప్పలేదు. మెదడు పేపర్లో మొత్తం మీద ఒక్కడే తప్పాడు, ఎవరో తెలుసుగా, సర్వర్‌కు దారిచ్చినవాడే. హెడ్డు పాఠం నాకే ఉంచాడు. అంటే ఇంకో ఏడాది ఈ వాసన తప్పదు. సంతోషమే అనుకో, ఓపికే లేదు.

ఆ గోడ అలాగే ఉంచమని పిల్లలు అడుగుతున్నారు. నీ ఇష్టం.

అక్క


ఇల్లు, కిటికీ పక్క
ఎండే

అక్కా,

ఈ కాగితం ఎడమ అంచున ఎర్ర గీత కనిపిస్తోందా? నాకు వ్యాయామాలు చేయించే ఫిజియో అమ్మాయి గీసిచ్చింది. ప్రతి వరుసకూ ముందు ఆ గీత కనపడేదాకా తల తిప్పాలట. నాలుగు వరుసలకే మెడ పీకుతోంది. ఇంత చిన్న ఉత్తరానికి పొద్దుటి నుంచి కూర్చున్నాను. నీ మరదలు ఇప్పటికీ భోజనం మధ్యలో పళ్ళెం తిప్పుతోంది, అక్కర్లేదన్నా వినదు. అలవాటైపోయిందట.

గోడ ఉంచుకోండి. దాని పక్కనే గదీ మళ్ళీ కడతాను, రెండూ చూపించు. డాక్టరు ఇంకా హెడ్‌సెట్ వద్దన్నాడు కనుక ప్రస్తుతానికి కాగితం మీద గీస్తున్నాను. ఆఫీసులో తాళాల బోర్డు కూడా కాగితం మీద అచ్చు తీయించి మళ్ళీ చూశాను. నువ్వు చెప్పింది నిజమే, ఉత్త మేకులు. అన్నీ ఉన్నాయని నేనెలా ఒట్టేశానో ఇప్పటికీ అంతుపట్టదు.

కష్టం తల తిప్పడం కాదక్కా, తిప్పాలని గుర్తుండటం. కుడివైపు అన్నీ కనిపిస్తుంటే, ఇంకో పక్క ఉందని ఎవరికి తడుతుంది? ఫిజియో అమ్మాయి గంట మోగించి చూసింది, చేతికి రిబ్బను కట్టి చూసింది. రెండు రోజులు పనిచేసి ఊరుకున్నాయి. చివరికి నీ విద్యే వాడాను. గుర్తుండాల్సినదాన్ని తెలిసిన చోట పెట్టమన్నావు కదా. ఎర్ర గీత దగ్గర మిషను వేసి, అమ్మను కూర్చోబెట్టాను. నేను వరుస చివరికి వచ్చేసరికి ఆవిడ తలెత్తకుండానే అడుగుతుంది, "వాడేనా?" అని.

"నేనేనమ్మా" అని అటు తిరుగుతున్నాను. ప్రతి వరుసకూ.

నీ తాళాలోడు